తొమ్మిదో తరగతి పేపర్లో పెద్ద జీ ఉన్న చోట 9.8 వేశాడు. ఈ రెండు జీల తేడా పిల్లలకి ఎలా చెప్పాలి?

మియాపూర్ నాన్న · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. నిన్న ఫిజిక్స్ పేపర్లు దిద్ది ఇచ్చారు. భూమికీ చంద్రుడికీ మధ్య ఆకర్షణ బలం కనుక్కోమని ఐదు మార్కుల లెక్క. సూత్రం సరిగ్గానే రాశాడు. ద్రవ్యరాశులు సరిగ్గానే వేశాడు, దూరాన్ని వర్గం చేయడం కూడా మర్చిపోలేదు. కానీ పెద్ద జీ ఉన్న చోట 9.8 వేశాడు. దాంతో జవాబు అసలుదానికంటే దాదాపు పదిహేను వేల కోట్ల రెట్లు ఎక్కువొచ్చింది. సూత్రానికి ఒక మార్కు వేసి మిగతా నాలుగు కొట్టేశారు.

ఎందుకలా వేశావురా అంటే, "రెండూ జీయే కదా నాన్నా, ఒకటి క్యాపిటల్, ఒకటి స్మాల్" అన్నాడు. ముందు కోప్పడ్డాను. తర్వాత నాకే అనిపించింది, నేనైనా సరిగ్గా చెప్పగలనా అని. నేను కామర్స్ చదివినవాణ్ణి. గైడ్‌లో చూస్తే చిన్న జీ (g) 9.8, పెద్ద జీ (G) 6.67 × 10⁻¹¹ అని రెండు విలువలు పక్కపక్కన వేసి వదిలేశారు. వాడికి బట్టీ పట్టించాలని లేదు. అర్థమయ్యేలా చెప్పే దారి ఉంటే చెప్పండి.

వనస్థలిపురం టీచరమ్మ · శనివారం రాత్రి 10:15

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మీ అబ్బాయి చేసిన తప్పు నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను, కాబట్టి బాబుని ఏమీ అనకండి. పేర్లు పెట్టినవాళ్ళు ఒకే అక్షరాన్ని రెండు వేరు వేరు వస్తువులకి పెట్టారు, ఆ భారం పిల్లల మీద పడింది.

నేను క్లాసులో చేసేది ఇది. చిన్న జీ అంటే గురుత్వం వల్ల పడే వస్తువుకి వచ్చే త్వరణం. ఎవరైనా "చిన్న జీ ఎంత?" అని అడిగితే జవాబు చెప్పకూడదు. "ఎక్కడ?" అని ఎదురు ప్రశ్న వేయాలి. ధ్రువాల దగ్గర 9.83. భూమధ్యరేఖ మీద 9.78. చంద్రుడి మీద 1.62. చోటు చెప్పకుండా చిన్న జీ విలువ చెప్పలేం. పుస్తకంలో 9.8 అని ఉంటుంది కదా అంటారు పిల్లలు. ఆ 9.8 పక్కన "భూమి ఉపరితలం మీద" అనే మాట ఉంటుంది, మనం చదివేటప్పుడు దాన్ని మింగేస్తాం.

పెద్ద జీ దగ్గర ఆ ప్రశ్న వేయండి. "ఎక్కడ?" అంటే అర్థమే లేదు. మియాపూర్‌లోనైనా, చంద్రుడి మీదనైనా, శని గ్రహం దగ్గరైనా అదే 6.67 × 10⁻¹¹. అది ఏ ఊరిదీ కాదు, ఏ గ్రహానిదీ కాదు. ద్రవ్యరాశి ఉన్న ఏ రెండు వస్తువులైనా ఒకదాన్నొకటి ఎంత గట్టిగా లాక్కుంటాయో చెప్పే నియమంలో ఉండే సంఖ్య.

బాబుతో రేపు ఈ ఒక్క ప్రశ్న ఆడి చూడండి. మార్స్, జూపిటర్, విమానం, సముద్రం అడుగు, ఇలా చోట్లు మారుస్తూ ఏది మారుతుంది, ఏది మారదు అని అడగండి.

గట్టి సందేహం · శనివారం రాత్రి 10:32

టీచర్ గారూ, ఇంకా సింపుల్‌గా చెప్పొచ్చు కదా. పెద్ద జీ విశ్వం మొత్తానికి, చిన్న జీ భూమికి. పేరులోనే ఉంది, విశ్వ గురుత్వ స్థిరాంకం అని. నేను అలాగే గుర్తుపెట్టుకున్నాను.

వనస్థలిపురం టీచరమ్మ · శనివారం రాత్రి 10:50

గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది, కానీ ఆ మాటలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. అలా చెబితే పిల్లవాడు ఏమనుకుంటాడంటే, రెండూ ఒకే జాతివి, ఒకటి భూమి సైజుది, ఇంకోటి విశ్వం సైజుది అని. అప్పుడు ఒకదాని బదులు ఇంకోటి వేయడం పెద్ద తప్పుగా అనిపించదు. మియాపూర్ బాబు చేసింది కూడా అదే.

అవి ఒకే జాతివి కావు. ప్రమాణాలు చూడండి. చిన్న జీ ఒక త్వరణం, మీటర్లు బై సెకను స్క్వేర్‌లో ఉంటుంది. అంటే పడుతున్న వస్తువు వేగం సెకను సెకనుకీ ఎంత పెరుగుతోందో చెబుతుంది. పెద్ద జీ ప్రమాణం న్యూటన్ మీటర్ స్క్వేర్ బై కిలోగ్రామ్ స్క్వేర్. అది త్వరణం కాదు, బలం కాదు, వేగం కాదు. రెండు కిలోమీటర్లలోంచి మూడు కిలోలు తీసేయలేం కదా, అలాగే ఈ రెండిట్లో ఏది పెద్దది అని పోల్చడం కూడా కుదరదు.

ఇంకోటి. చిన్న జీ భూమి ఒక్కదాని సొత్తు కాదు. ప్రతి గ్రహానికీ, ప్రతి నక్షత్రానికీ దాని చిన్న జీ దానికుంది.

అమీర్‌పేట అక్క · శనివారం రాత్రి 11:05

నేను సాఫ్ట్‌వేర్. మా పాపకి నేను ఆటో మీటర్‌తో చెప్పాను. కిలోమీటరుకి ఇంత అన్న రేటు ఊరంతా ఒకటే. దిగేటప్పుడు మీటర్ మీద కనబడే డబ్బులు మాత్రం ఎక్కడికెళ్ళామన్న దాన్ని బట్టి మారతాయి. రేటు పెద్ద జీ. మీటర్ మీద వచ్చిన మొత్తం చిన్న జీ. బాగా పట్టేసింది.

ఎంపీసీ సెకండియర్ · శనివారం రాత్రి 11:20

అక్కా, ఆ ఆటో ఉపమానం చాలా బాగుంది. దాన్నే లెక్కలో చూపిస్తాను. మియాపూర్ అంకుల్, ఇది మీ అబ్బాయి చేత్తో చేయించండి, రెండు లైన్లే.

భూమి ఒక రాయిని లాగే బలం ఎంత? పెద్ద జీ × భూమి ద్రవ్యరాశి × రాయి ద్రవ్యరాశి, దాన్ని దూరం వర్గంతో భాగించాలి. ఆ బలం వల్ల రాయికి వచ్చే త్వరణమే చిన్న జీ. త్వరణం అంటే బలాన్ని రాయి ద్రవ్యరాశితో భాగించడం. అప్పుడు రాయి ద్రవ్యరాశి పైనా కిందా కొట్టుకుపోతుంది. మిగిలేది ఇది:

చిన్న జీ = పెద్ద జీ × భూమి ద్రవ్యరాశి ÷ భూమి వ్యాసార్థం వర్గం

పెద్ద జీ 6.674 × 10⁻¹¹. భూమి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోలు. రెండూ గుణిస్తే 3.984 × 10¹⁴. సగటు వ్యాసార్థం 6371 కిలోమీటర్లు, అంటే 6.371 × 10⁶ మీటర్లు, దాని వర్గం 4.059 × 10¹³. భాగిస్తే 9.82 వస్తుంది!

నేను ఫస్టియర్‌లో మొదటిసారి ఇది చేసినప్పుడు ఒళ్ళు జలదరించింది. అప్పటిదాకా 9.8 ఎవరో చెప్పిన నంబర్. ఇప్పుడు చంద్రుడి ద్రవ్యరాశి 7.35 × 10²² కిలోలు, వ్యాసార్థం 1737 కిలోమీటర్లు వేయమనండి. సుమారు 1.62 వస్తుంది. పెద్ద జీ రెండు లెక్కల్లోనూ అదే. మారినవి ద్రవ్యరాశి, వ్యాసార్థం మాత్రమే.

రాయి ద్రవ్యరాశి కొట్టుకుపోయింది కదా, బరువైనదీ తేలికైనదీ ఒకేలా పడడానికి కారణం అదే. 1971లో అపోలో 15 వెళ్ళిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక పట్టుకుని వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకాయి. అక్కడ గాలి లేదు కాబట్టి ఈకని ఆపేది ఏమీ లేదు. వీడియో దొరుకుతుంది, బాబుకి చూపించండి.

గట్టి సందేహం · ఆదివారం ఉదయం 7:10

తమ్ముడూ, బాగా చెప్పావు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నీకు 9.82 వచ్చింది, పుస్తకంలో 9.8, టీచర్ గారు భూమధ్యరేఖ దగ్గర 9.78 అన్నారు. మన హైదరాబాద్‌లో ఎంత మరి?

ఉప్పల్ సర్వే · ఆదివారం ఉదయం 8:25

ఈ ప్రశ్నకి నేను జవాబు చెప్పాలి. ఉద్యోగమంతా గురుత్వ సర్వేల్లోనే గడిచింది. మన ఉప్పల్‌లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ, అంటే 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, దేశమంతటా చిన్న జీ ఎక్కడెక్కడ ఎంత ఉందో మ్యాపులు వేసిన సంస్థ. అందుకే ఈ ఊళ్ళో ఈ చర్చ చూస్తే నాకు సంతోషంగా ఉంది.

హైదరాబాద్‌లో సుమారు 9.78. దీనికి మూడు కారణాలు. భూమి తిరుగుతోంది కాబట్టి భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నవాళ్ళ మీద ఆ తిరుగుడు ప్రభావం ఎక్కువ, ఆ మేరకు చిన్న జీ తగ్గుతుంది. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంది, అంటే అక్కడ మనం కేంద్రానికి దూరంగా ఉంటాం. మనం ఉన్నది పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, ఈ రెండూ మనకి బాగానే తగులుతాయి. మూడోది ఎత్తు. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. తమ్ముడు చేసిన లెక్క తిరగని, గుండ్రని భూమికి. అందుకే 9.82 వచ్చింది.

ఇది మొదట పట్టుకున్నది గడియారం. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పారిస్ నుంచి దక్షిణ అమెరికాలోని కయెన్ వెళ్ళాడు. అది భూమధ్యరేఖకి దగ్గర. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని పొట్టి చేస్తే గానీ దారికి రాలేదు. చిన్న జీ తగ్గితే లోలకం మెల్లగా ఊగుతుంది, అంతే. తర్వాత 1687లో న్యూటన్ ఈ సంగతినే తీసుకుని భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందని వాదించాడు.

మా పని ఎలా ఉండేదో కూడా చెబుతాను. గ్రావిమీటర్ అంటే లోపల ఒక చిన్న బరువు, దాన్ని పట్టుకున్న అతి సున్నితమైన స్ప్రింగు. పొద్దున్నే బేస్ స్టేషన్‌లో రీడింగ్ తీసుకుంటాం. తర్వాత జీపులో ఊరూరూ తిరిగి, ప్రతి పాయింట్ దగ్గరా మూడు కాళ్ళ ప్లేటు నేల మీద పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా మరలు తిప్పి, ఊపిరి బిగబట్టి రీడింగ్ రాసుకుంటాం. పక్క రోడ్డు మీద లారీ పోతే ఆగాలి. సాయంత్రం మళ్ళీ బేస్‌కి వచ్చి రీడింగ్ తీయాలి, ఎందుకంటే స్ప్రింగు రోజంతా కొంచెం కొంచెంగా సాగుతుంది, ఆ తేడా తీసేయాలి. మా కొలమానం మిల్లీగాల్. గెలీలియో పేరు మీద గాల్ అని పెట్టారు, సెకను స్క్వేర్‌కి ఒక సెంటీమీటరు. మన ఊళ్ళో చిన్న జీ సుమారు 978 గాల్‌లు. మిల్లీగాల్ అంటే ఒక గాల్‌లో వెయ్యో వంతు. మూడు మీటర్లు ఎత్తెక్కితే ఒక మిల్లీగాల్ తగ్గుతుంది. మా పరికరం మిల్లీగాల్‌లో వందో వంతు వరకు చూపిస్తుంది. అంటే నేల మీద పెట్టినా, పక్కనే బల్ల మీద పెట్టినా తేడా తెలిసిపోతుంది.

కింద బరువైన ఖనిజం ఉంటే ఆ చోట చిన్న జీ రవ్వంత పెరుగుతుంది. అలా పెరిగిన చోటు చూసి, ఇంత మందం రాయి, ఇంత సాంద్రత ఉంటే ఇంత లాగుతుంది అని లెక్క కడతాం. ఆ లెక్కలో పెద్ద జీ వస్తుంది. నా ఫీల్డ్ పుస్తకంలో ఎడమ పేజీ అంతా చిన్న జీ, పాయింటుకొకటి చొప్పున వందల విలువలు. కుడి పేజీలో లెక్క మొదట్లో పెద్ద జీ ఒక్కసారి, ఒకే విలువ. బాబుకి ఈ రెండు పేజీలు ఊహించుకోమనండి.

పాట్ మార్కెట్ కాటా · ఆదివారం ఉదయం 10:05

సర్వే సార్ రాసింది చదివాక నాకు ఒక పాత సంగతి అర్థమైంది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో మాది చిన్న బంగారం దుకాణం. కొన్నేళ్ళ కింద మా బావమరిది ఢిల్లీలో వాడుతున్న ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి ఇచ్చాడు. అక్కడ కరెక్టుగా ఉండేదట. ఇక్కడ పెట్టి 100 గ్రాముల స్టాండర్డ్ వేస్తే 99.92 చూపించింది. నాలుగుసార్లు తీసి పెట్టాం, తుడిచి పెట్టాం, అదే 99.92. బంగారంలో 80 మిల్లీగ్రాములంటే చిన్న సంగతి కాదు. ప్రయాణంలో పాడైందనుకున్నాం. మెకానిక్ వచ్చి బటన్ నొక్కి, స్టాండర్డ్ పెట్టి, క్యాలిబ్రేట్ చేసి పోయాడు. "చోటు మారితే చేయాల్సిందే" అన్నాడు, ఎందుకో చెప్పలేదు. ఇదేనా సార్ కారణం?

ఉప్పల్ సర్వే · ఆదివారం ఉదయం 10:40

ఇదే! ఢిల్లీ మనకంటే ఉత్తరాన ఉంది, ఎత్తు కూడా తక్కువ, అక్కడ చిన్న జీ సుమారు 9.791. మనకి సుమారు 9.783. తేడా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు, 100 గ్రాములకి సరిగ్గా మీరు చెప్పిన 0.08 గ్రాములు. మీ కాటా పాడవలేదు. అది నిజానికి గ్రాములు కొలవదు, కింద నొక్కుతున్న బలాన్ని కొలుస్తుంది. ఆ బలానికి ఇన్ని గ్రాములు అని ఢిల్లీ లెక్క దాని లోపల ఉండిపోయింది.

మీ తాతల నాటి రెండు పళ్ళేల త్రాసు ఉందా? దానికి ఈ బాధ లేదు. ఒక పళ్ళెంలో బంగారం, ఇంకో పళ్ళెంలో తూకం రాయి, చిన్న జీ తగ్గితే రెండిటికీ ఒకేలా తగ్గుతుంది, ముల్లు మధ్యలోనే ఉంటుంది. చంద్రుడి మీదకి తీసుకెళ్ళినా సరిగ్గానే తూస్తుంది. ద్రవ్యరాశికీ భారానికీ తేడా ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పదు.

పాట్ మార్కెట్ కాటా · ఆదివారం ఉదయం 10:52

ఉంది సార్. పూజ గదిలో ఉంది, దసరాకి బయటికి తీస్తాం. మియాపూర్ సార్, మీ బాబుని ఒకసారి మా దుకాణానికి తీసుకురండి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

అమీర్‌పేట అక్క · ఆదివారం మధ్యాహ్నం 12:30

నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అనుమానం ఒకటి అడగనా? చిన్న జీని త్వరణం అంటున్నారు. నా టేబుల్ మీద పుస్తకం కదలకుండా ఉంది. దాని త్వరణం సున్నా కదా. అయినా దాని భారం లెక్క కట్టేటప్పుడు 9.8తో గుణిస్తాం. కదలని పుస్తకానికి త్వరణం ఎక్కడిది?

వనస్థలిపురం టీచరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 1:15

చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే డిగ్రీ దాటేస్తారమ్మా. చిన్న జీని ఇంకోలా కూడా చదవొచ్చు: కిలోగ్రాముకి 9.8 న్యూటన్లు. ఈ చోట ఏ వస్తువు పెట్టినా, దాని ప్రతి కిలోనీ భూమి 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది అని. న్యూటన్ బై కిలోగ్రామ్, మీటర్ బై సెకను స్క్వేర్, రెండూ ఒకటే ప్రమాణం, విప్పి చూస్తే తెలుస్తుంది. పుస్తకం మీద ఆ లాగుడు ఇప్పుడూ ఉంది. టేబుల్ అంతే బలంతో పైకి నెడుతోంది కాబట్టి పుస్తకం కదలడం లేదు. టేబుల్ తీసేస్తే ఆ లాగుడే 9.8 త్వరణంగా కనిపిస్తుంది.

ఇదే తీరులో అంతరిక్ష కేంద్రం గురించి కూడా పొరపాటు పడతారు. సుమారు 400 కిలోమీటర్ల పైన గురుత్వం ఉండదని అనుకుంటారు. అక్కడ చిన్న జీ 8.7 దాకా ఉంది. వ్యోమగాములు తేలడానికి కారణం వాళ్ళూ, వాళ్ళ నౌకా కలిసి ఒకే తీరుగా పడుతూ ఉండడం.

గట్టి సందేహం · ఆదివారం మధ్యాహ్నం 2:00

అంతా బాగుంది కానీ, ద్రవ్యరాశి ఉన్న ప్రతీదీ ప్రతీదాన్నీ లాగుతుంటే మనకెందుకు తెలియదు? ఆ పెద్ద జీని అసలు ఎవరు ఎలా కొలిచారు?

ఎంపీసీ సెకండియర్ · ఆదివారం మధ్యాహ్నం 2:45

మొదటి సగం నాది. అరవై కిలోల ఇద్దరు మనుషులు మీటరు దూరంలో నిలబడితే, వాళ్ళ మధ్య ఆకర్షణ 2.4 × 10⁻⁷ న్యూటన్లు. ఒక దోమ బరువు రెండు మిల్లీగ్రాములు అనుకుంటే, అందులో ఎనభయ్యో వంతు. హుస్సేన్‌సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడి విగ్రహం ఏకశిల, 1992లో నిలబెట్టారు. లెక్క కోసం 400 టన్నులు అనుకుందాం. దానికి పది మీటర్ల దూరంలో నిలబడితే, అరవై కిలోల మనిషిని అది లాగే బలం సుమారుగా ఒక దోమ బరువంత. అంత పెద్ద రాయి! చేత్తో కాలిక్యులేటర్ నొక్కి నేనే రెండుసార్లు సరిచూసుకున్నాను. 10⁻¹¹ అంటే ఎంత చిన్నదో నాకు ఆ రోజు తెలిసింది. భూమికి 10²⁴ కిలోల ద్రవ్యరాశి ఉంది కాబట్టే మనకి దాని లాగుడు తెలుస్తోంది.

వనస్థలిపురం టీచరమ్మ · ఆదివారం సాయంత్రం 4:10

రెండో సగం నేను చెబుతాను. ఇది నాకు ప్రాణమైన పాఠం.

హెన్రీ కావెండిష్. లండన్‌లో, 1797, 98 సంవత్సరాల్లో. అప్పటికి ఆయనకి అరవై ఐదు దాటాయి. ప్రయోగం ఆలోచన నిజానికి జాన్ మిషెల్ అనే ఆయనది. పరికరం తయారు చేసి, వాడకుండానే 1793లో పోయాడు. అది కావెండిష్ చేతికి వచ్చింది. ఆరడుగుల కొయ్య కడ్డీ, దాని రెండు చివర్లా ముప్పావు కిలో చొప్పున సీసపు గుండ్లు, మొత్తం ఒక సన్నని తీగకి వేలాడుతూ ఉంటుంది. వాటి దగ్గరికి ఒక్కోటి 158 కిలోల పెద్ద సీసపు గుండ్లు రెండు జరుపుతారు. చిన్న గుండ్లు పెద్దవాటి వైపు రవ్వంత జరుగుతాయి, తీగ మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో చూసి బలం లెక్క కడతారు.

మనిషి ఒంటి వేడికి గదిలో గాలి కదిలినా ప్రయోగం చెడిపోతుంది. అందుకని గది మూసేసి, బయట నిలబడి, గోడలోంచి టెలిస్కోప్ పెట్టి చూశాడు. పెద్ద గుండ్లని కూడా బయటి నుంచే తాళ్ళతో జరిపాడు. కొలవాల్సిన బలం న్యూటన్‌లో కోటి భాగాల్లో ఒకటి రెండు భాగాలంత.

పిల్లలకి నేను తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. ఈ ప్రయోగం గురించి రాసిన పత్రంలో కావెండిష్ పెద్ద జీ అని ఎక్కడా రాయలేదు. ఆయన వెతికింది భూమి సాంద్రత. నీటికి 5.48 రెట్లు అని తేల్చాడు, ఈనాటి విలువ 5.51. పెద్ద జీ అన్న అక్షరం వాడుకలోకి వచ్చింది దాదాపు వందేళ్ళ తర్వాత. ఆయన కొలతల్లోంచి పెద్ద జీని తీస్తే ఈనాటి విలువకి ఒక శాతం తేడాలో వస్తుంది. సీసపు గుండ్లతో, తీగతో!

చిన్న జీని ఎవరైనా ఇంట్లో కొలవొచ్చు. పెద్ద జీ కొలవాలంటే మీ చేతిలో ఉన్న రెండు వస్తువుల మధ్య లాగుడునే పట్టుకోవాలి. ఆ కష్టం తెలిస్తే పిల్లవాడు ఈ రెండిట్నీ జన్మలో కలపడు.

మియాపూర్ నాన్న · ఆదివారం రాత్రి 9:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. పొద్దున్నుంచీ ఇవన్నీ మా వాడికి చదివి వినిపిస్తున్నాను. "ఇంట్లో కొలవొచ్చు" అన్న మాట దగ్గర పట్టుకున్నాడు. యూట్యూబ్‌లో చూసి లోలకం కట్టాడు. బాల్కనీ బట్టల కొక్కేనికి దారం, దారం చివర పాత ఇనప తాళం కప్ప. ఫోన్‌లో స్టాప్‌వాచ్. యాభై ఊపులు లెక్కపెడితే 100.5 సెకన్లు వచ్చింది. దారం పొడవు టేపుతో 96 సెంటీమీటర్లు. లెక్క కడితే 9.38. వాడి మొహం వాడిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే. ఎక్కడ తప్పు జరిగిందో మాకిద్దరికీ తెలియలేదు.

ఉప్పల్ సర్వే · ఆదివారం రాత్రి 9:35

దారం ముడి దాకా కొలిచి ఉంటారు. లోలకం పొడవంటే కొక్కెం నుంచి తాళం కప్ప మధ్య దాకా. తాళం మధ్య ముడికి ఎంత కింద ఉంది?

మియాపూర్ నాన్న · ఆదివారం రాత్రి 9:58

నాలుగు సెంటీమీటర్లు సార్! అంటే మొత్తం సరిగ్గా ఒక మీటరు. 9.77 వచ్చింది. ఇంట్లో గంతులేస్తున్నాడు. 9.8 రాలేదని బాధపడతాడేమో అనుకున్నాను. "మనది హైదరాబాద్ కదా నాన్నా, 9.78 రావాలి" అన్నాడు.

ఉప్పల్ సర్వే · ఆదివారం రాత్రి 10:10

బాబుకి నా తరఫున శభాష్ చెప్పండి. ఇంకో సంగతి కూడా చెప్పండి, వాడి వయసులో నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించేది. ఈ రోజుకి కూడా పెద్ద జీ మనకి బాగా తెలిసిన సంఖ్య కాదు. 6.67430 × 10⁻¹¹ అని రాస్తాం, అందులో చివరి రెండు అంకెల మీద నమ్మకం లేదు. ప్రాథమిక స్థిరాంకాల్లో ఇంత మోటుగా తెలిసింది ఇంకోటి కనబడదు. గురుత్వం మరీ బలహీనం, దానికి అడ్డు తెర కట్టలేం, గది గోడలు కూడా లాగుతుంటాయి.

కానీ పెద్ద జీని భూమి ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చే సంఖ్య ఉంది చూశారా, తమ్ముడి లెక్కలో 3.984 × 10¹⁴ అని వచ్చింది, అది మాత్రం తొమ్మిది అంకెల వరకు తెలుసు. ఉపగ్రహాలు ఎంతసేపట్లో చుట్టి వస్తున్నాయో చూస్తే ఆ లబ్ధం నేరుగా వచ్చేస్తుంది. 2023 ఆగస్టులో చంద్రయాన్ 3 దిగినప్పుడు దారి లెక్కలకి కావలసింది ఇలాంటి లబ్ధాలే, పెద్ద జీ విడిగా అక్కర్లేదు. భూమి ఎన్ని కిలోలో చెప్పాలంటేనే పెద్ద జీతో భాగించాలి. దాని మోటుతనమంతా అప్పుడు భూమి ద్రవ్యరాశిలోకి వస్తుంది.

మియాపూర్ నాన్న · సోమవారం రాత్రి 8:45

సార్, వాడికి ఇప్పుడు కొత్త పట్టుదల. గోల్కొండ పైకెక్కి బాలాహిసార్ దగ్గర ఒకసారి, కింద ఫతే దర్వాజా దగ్గర ఒకసారి లోలకం ఊపి తేడా పట్టుకుంటానంటున్నాడు. కుదురుతుందా?

ఉప్పల్ సర్వే · సోమవారం రాత్రి 9:15

కొండ సుమారు 120 మీటర్లు. ఆ ఎత్తుకి చిన్న జీ 0.00037 తగ్గుతుంది. కొండ రాయి కూడా కింద నుంచి లాగుతుంది కాబట్టి నిజానికి అంతకంటే తక్కువే. యాభై ఊపుల్లో తేడా సెకనుని ఐదువందల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. ఫోన్ స్టాప్‌వాచ్‌కి అది చిక్కదు, మన వేలు నొక్కడంలోనే అంతకు ఎన్నో రెట్లు తప్పు వస్తుంది. నిరాశ పరచడానికి చెప్పడం లేదు. ఇంకో దారి ఉంది. రిషే లాగా గడియారాన్ని వాడాలి. లోలకం గడియారం ఒకటి పైన రోజంతా నడిస్తే, కింద ఉన్నదానికంటే సెకనున్నర వెనకబడుతుంది. కానీ ఎండ పెరిగి ఇత్తడి లోలకం ఒక్క డిగ్రీ వేడెక్కినా, సాగి, రోజుకి ముప్పావు సెకను పైనే వెనకబడుతుంది. ముందు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

మియాపూర్ నాన్న · సోమవారం రాత్రి 9:40

మీ జవాబు చదివి వినిపించాను. మా నాన్నగారి ఇంట్లో పాత గోడ గడియారం ఉంది, లోలకం ఇత్తడిదే. ఆదివారం అది తెచ్చుకుందాం అంటున్నాడు. దానికంటే ముందు థర్మామీటర్ కావాలట.

పాట్ మార్కెట్ కాటా · సోమవారం రాత్రి 9:52

ఆదివారం ఇటు రండి సార్. త్రాసు తీసి తోమి ఉంచుతాను.